చేటగాలి

ఆయన ఏ తారీఖున పోయారో ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. ఏలూరు పవర్‌పేటలో బట్టల కొట్టాయన్ని అడిగాను.

"ఎండాకాలంలోనండి టీచరుగారూ. మామిడికాయలు దిగుతున్న రోజులు," అన్నాడు.

మామిడికాయలు రెండు నెలల పైన దిగుతాయి. అది తారీఖు కాదు. పక్కనే మందుల షాపులో అడిగితే, "కాదండి, తొలివానలు పడ్డాకే," అన్నారు. ముప్పై ఏళ్లపాటు గురువారం గురువారం ఆ వీధిలో ప్రతి గడప ముందూ నిలబడిన మనిషి పోతే, అన్ని కొట్లలో అన్ని క్యాలెండర్లు వేలాడుతూ ఉండి, ఒక్కరు కూడా ఆ రోజు చుట్టూ సున్నా చుట్టలేదు. అప్పటికే మా ఊరి దాకా నడిచి రావడం మానుకున్నారు కాబట్టి, నాకు ఈ సంగతి తెలిసేసరికి 2009 దసరా కూడా వెళ్లిపోయింది. అందుకని ఆయన పోయిన రోజు వదిలేసి, నాకు బాగా తెలిసిన రోజుల గురించి రాస్తున్నాను.

ఆయన పేరు నాకు తెలుసు, కాని రాయను. మా వైపు ఎవరూ ఆయన్ని ఆ పేరుతో పిలవలేదు. సాంబ్రాణి సాయిబు గారు అనే అన్నారు. బతికుండగా పిలవని పేరు ఇప్పుడు పిలిస్తే ఆయన వెనక్కి తిరిగి చూస్తారని నేననుకోను.

గురువారం పొద్దు వాలుతుంటే బయల్దేరేవారు. మూడు గొలుసులకు వేలాడే ఇనప గిన్నె, అందులో కొబ్బరి చిప్పల నిప్పులు, జేబులో రేకు డబ్బా నిండా సాంబ్రాణి పొడి. రోహిణి కార్తెలో కూడా మెడదాకా బొత్తాలు పెట్టిన కోటు. కొట్టు కొట్టుకీ ఆగి పొగ తిప్పి, ఇచ్చింది పుచ్చుకుని, ఊరు దాటి మా వట్లూరు దాకా నడిచి వచ్చేవారు. అయ్యవార్ల ఇళ్లు, చర్చికి వెళ్లేవారి ఇళ్లు, తురకల ఇళ్లు అన్న తేడా ఆ గిన్నెకు లేదు.

గడప దగ్గర ఆగి ఒకసారి దగ్గేవారు. అది దగ్గు కాదు, పిలుపు. తలుపు తీయగానే మొదటి ప్రశ్న: "ఇంట్లో దగ్గేవాళ్లు ఎవరన్నా ఉన్నారాండి? ఉబ్బసం గానీ, పసిబిడ్డలు గానీ?" ఉన్నారంటే గడప దాటేవారు కాదు. బయటే ఒక చుట్టు తిప్పి వెళ్లిపోయేవారు. మా వీధిలోకి కొత్తగా అద్దెకు దిగినవాళ్లు, మాకు పొగ తక్కువ వేశాడని నొచ్చుకునేవారు.

నిప్పులతో బతికే మనిషి వేడి టీ తాగలేరు. మా వరండా మెట్టు మీద నిలబడి, గ్లాసును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారుస్తూ, ఊదుతూ, అది పూర్తిగా చల్లారి పైన మీగడ కట్టాక ఒక్క గుక్కలో తాగేవారు. "టీ కాదండి అది, నీళ్లు," అంటే, "కాలిన నోరు నాకెందుకండి, చెయ్యి చాలదా," అని కుడి అరచెయ్యి చూపించేవారు. దాని నిండా పాత బొబ్బల మచ్చలు.

నేను ఏలూరులో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పాను. ఆయన పండగ ఏడాదికి సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి, ఫలానా రోజు వస్తుందని ముందే లెక్కగట్టి చెప్పేదాన్ని.

"నెల కనపడాలి కదండీ," అనేవారు.

"కనపడుతుంది. లెక్క ఉంది."

"మీ లెక్క వినాలంటే చంద్రుడు కూడా మీ బళ్లో చదువుకుని ఉండాలండి."

మూడేళ్లలో రెండుసార్లు నా లెక్కే సరిపోయింది. మూడోసారి మబ్బు పట్టింది. ఆ మబ్బు గురించి ఆయన ఆరు నెలలు నన్ను వదల్లేదు.

ఆయన తరచూ అనే మాట ఇంకొకటి ఉంది. "పొగ తిరగాలండి. నిలబడిపోతే అది పొగ కాదు, మసి." ఎన్నోసార్లు విన్నాను. మామూలు మాటే అనుకున్నాను.

మా ఇంటి ఎదురుగా అమ్ముడుపోని ఇళ్ల స్థలాలు. రాళ్లు పాతి వదిలేశారు, గడ్డి పెరిగింది. ఆ గడ్డిని నమ్ముకుని 2007లో మరియమ్మ వచ్చింది. కొల్లేటికోట మనిషి. అంతకు ముందు ఏడాది, 2006లో, కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేశాక వాళ్ల పని పోయింది. భర్తకు ఇక్కడ కట్టే కాలేజీ దగ్గర వాచ్‌మన్ పని దొరికింది. మరియమ్మ గొర్రెలు పెట్టుకుంది. నా లెక్కకు పదకొండు. ఆమెను అడిగితే పన్నెండంటుంది. పెద్ద గొర్రె కడుపులో ఉన్నదాన్ని కూడా కలుపుకునేది.

"పుట్టాక లెక్కపెట్టాలి మరియమ్మా."

"మోసేది అదైతే లెక్క నాకెందుకు తగ్గాలండి?"

ఆ పెద్ద గొర్రె లేనిదే మంద కదలదు. పొద్దున్న అది దడి దాటితే మిగతావి దాటుతాయి. అది ఆగితే అన్నీ ఆగుతాయి. మరియమ్మ కర్ర పట్టుకోవడం నేను చూడలేదు. ఆ గొర్రెను పట్టుకుంటే మందంతా చేతిలో ఉన్నట్టే.

2007 కార్తీకంలో వానలు విడవకుండా పడ్డాయి. స్థలాల్లో నీళ్లు నిలిచాయి. పేడ, బురద, నీళ్లు కలిసి ఒకటే చిత్తడి. అందులోంచి నుసుములు లేచాయి. దోమలో పదోవంతు కూడా ఉండవు. దోమతెర కంతల్లోంచి దూరిపోతాయి. వాలినప్పుడు తెలియదు, లేచిపోయాక మండుతుంది. పొద్దు వాలేవేళ వరండాలో కూర్చుంటే మోచేతుల నిండా ఎర్రటి దద్దుర్లు.

ముందు ఒక గొర్రెకు నోట్లోంచి సొంగ కారింది. మర్నాటికి పెదాలు, మూతి ఉబ్బిపోయాయి, ముక్కులో పుండ్లు కట్టాయి, కాళ్లు కుంటుపడ్డాయి. అది చచ్చిపోయింది. రెండోది పడ్డాక పశువుల ఆసుపత్రి నుంచి డాక్టరు గారిని పిలిపించాం. ఆయన దాని నోరు తెరిచి చూపించారు. నాలుక వాచి, నేరేడుపండు తిన్నట్టు నీలంగా ఉంది.

"నీలి నాలుక అంటారండి దీన్ని. గొర్రెను గొర్రె తాకితే రాదు. ఈ నుసుములే తెస్తాయి. జబ్బు గొర్రెను కుట్టినది కొన్నాళ్లకు మంచి గొర్రెను కుడితే దానికి వస్తుంది."

"మనుషులకో?" అన్నాను, నా మోచేతులు చూసుకుంటూ.

"మనకి దురదేనండి. వేరే దేశాల్లో మనుషులకి కూడా జ్వరాలు తెస్తాయట. ఇక్కడ మీకా భయం లేదు."

జబ్బును చంపే మందు లేదన్నారు. పర్మాంగనేటు నీళ్లతో నోరు కడగమన్నారు, గంజి పోయమన్నారు. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి, "పొద్దు వాలేటప్పుడు కాస్త పొగ పెట్టండి, పాకలో గాలి ఆడనివ్వండి," అన్నారు.

రెండు మాటలు చెప్పారు. వాటిలో మొదటిదే మరియమ్మ చెవిన పడింది.

మా వైపు బాలింతకు స్నానం చేయించాక తలుపులు మూసి, నులకమంచం కింద సాంబ్రాణి పొగ పెడతారు. పొగ బయటికి పోతే ఫలం పోయినట్టే లెక్క. మరియమ్మ గొర్రెలకూ అలాగే చేసింది. పాక చుట్టూ నీలం ప్లాస్టిక్ బరకాలు దించి, అంచులు ఇటుకలతో నొక్కి, లోపల వేపాకు, పేడ పిడకలు కుప్ప పోసి రాజేసింది. నుసుములు పోయాయి, నిజమే. మర్నాడు పొద్దున్న రెండో గొర్రె కూడా పోయింది. అప్పటికే పెద్ద గొర్రె మూతి ఉబ్బింది.

"పొగ చాల్లేదండి," అంది మరియమ్మ. "ఇవాళ గురువారం కదా, సాయిబు గారితో వేయిస్తాను. ఏ పొగైనా ఆయన పొగ తర్వాతే."

"మీ పాస్టరుగారు చూస్తే ఏమంటారో."

"చూస్తే చూశారండి. గొర్రెలకింకా బాప్తిస్మం అవ్వలేదు కదా."

ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి రాకముందే మరియమ్మ రోడ్డు మీదికి వెళ్లి పిలుచుకొచ్చింది. నేనూ వెళ్లాను. ఆయన బరకం ముందు ఆగి, అలవాటుగా ఒకసారి దగ్గారు. లోపల్నుంచి గొర్రె దగ్గింది.

ఆయన ఇంకేమీ అడగలేదు. బరకం ఎత్తి తల లోపల పెట్టి, కాసేపుండి బయటికొచ్చారు. కళ్లవెంట నీళ్లు. తిన్నగా గుంట దగ్గరికి నడిచి, గిన్నెలో నిప్పులన్నీ నీళ్లలో బోర్లించారు. చుయ్యిమని ఆవిరి లేచింది.

"అయ్యో, అదేంటండీ!" అంది మరియమ్మ.

"లోపల ఉన్న పొగే ఎక్కువండి. ఆ తల్లికి ముక్కు పూడిపోయి ఉంది. ఊపిరాడని చోట నేను పొగ వెయ్యను."

"పొగ వెయ్యండని పిలిస్తే నిప్పులు ఆర్పుతారేంటండి? ఊరందరికీ వేస్తారు. మేం చర్చికి వెళ్లేవాళ్లమనా?"

ఆయన గిన్నె అడుగున అంటుకున్న బూడిదను వేలితో గీకుతూ నిలబడ్డారు.

"మా మనవరాలికి దగ్గొస్తే ఈ గిన్నె మా ఇంట్లోకే రాదండమ్మా. వీధి అరుగు మీద ఉంటుంది," అన్నారు. "రెండు గొర్రెలు పోయాయని చెప్పారు టీచరుగారు. రెండోది జబ్బుతోనే పోయిందంటారా?"

మరియమ్మ మెల్లగా కిందికి కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ మాట ఆయన అనకుండా ఉండాల్సిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అన్నాక ఆయన మొహం చూస్తే, ఆయనకూ అలాగే అనిపించినట్టుంది.

ఆయనా నేనూ కలిసి బరకాలు విప్పేశాం. పొగ ఒక్క పెట్టున బయటికి పోయింది. వెంటనే నుసుములు వచ్చాయి.

"చూశారా! ఇప్పుడివి దాన్ని పీక్కు తింటాయి," అంది మరియమ్మ.

"తింటాయండి. ఒక చేట ఇవ్వండి."

"చేటెందుకు?"

"విసరడానికండి. గాలి కదిలితే అవి నిలవలేవు. చూడండి ఎంతున్నాయో, వాటి రెక్కలకేం బలముంటుంది?"

మరియమ్మ లేచి నిలబడింది. "చేటగాలి తగలకూడదండీ! ఇల్లు గుల్లయిపోతుంది. చిన్నప్పుడు చేటతో విసురుకుంటే మా అమ్మ చెయ్యి విరగ్గొట్టింది."

మా ఇంట్లోనూ అలాగే అనేవారు. చేట చెరగడానికే గాని విసరడానికి కాదు. పొట్టుతో పాటు గింజ కూడా ఎగిరిపోతుందనో ఏమో, ఆ గాలి తగిలితే దరిద్రమని.

"నిజమేనండి, మనుషులకి," అన్నారాయన. "గొర్రెకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు కదా."

ఆమె ముందు అంచు ఊడిపోయిన పాత చేట తెచ్చింది. రెండు ఊపులకే బద్దల మధ్యనుంచి గాలంతా జారిపోయింది. ఆయన దాన్ని పక్కన పెట్టి చెయ్యి చాపారు. ఇంట్లో కొత్త చేట ఉంది. మెంతిపిండి, కాగితం గుజ్జు కలిపి పూసి ఆరబెట్టింది. ఇంకా బియ్యమే చెరగలేదు. మరియమ్మ దాన్ని ఇస్తూ కళ్లు మూసుకుంది.

ఆయన ఇటుక మీద కూర్చుని, చేటను గొర్రె మొహానికి జానెడు దూరంలో పెట్టి మెల్లగా విసరడం మొదలుపెట్టారు. గట్టిగా కాదు. పసిబిడ్డకు ఊయల ఊపినంత. నా మోచేతుల మీద వాలుతున్నవి ఆ గొర్రె ముక్కు మీద వాలలేకపోయాయి. దగ్గరికి వచ్చి, చేట ఊపుకు కొట్టుకుపోయి, మళ్లీ వచ్చి, మళ్లీ కొట్టుకుపోయేవి.

"ఏవండీ, కాస్త మొహం ఇటు తిప్పండి," అన్నారు గొర్రెతో.

"గొర్రెని మీరంటారేంటండీ?" అంది మరియమ్మ, ఇంకా కోపంగానే.

"కడుపుతో ఉంది కదండీ. నువ్వు అంటే బాగోదు."

మరియమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వును దాచుకోవడానికి గంజి తెస్తానని లోపలికి వెళ్లిపోయింది.

డాక్టరు గారు గాలి గురించి చెప్పిన రెండో మాట అప్పుడు గుర్తొచ్చింది. ఇంటికి వెళ్లి మా టేబుల్ ఫ్యాను తెచ్చాను. వైరు తడి నేల మీద ఆనకుండా దడికర్రల మీదుగా లాగి, ప్లగ్గు ఎత్తున కట్టాను. దారినపోయేవాళ్లు ఆగి, "గొర్రెలకి ఫ్యానా టీచరుగారూ! రేపు మంచం కూడా వేస్తారా?" అని నవ్వారు. నవ్వితే నవ్వారు. ఫ్యాను తిరిగినంతసేపూ ఒక్క నుసుము లేదు. కాని ఆ రోజుల్లో మాకు సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది దాకా కరెంటు కోత. నుసుములు కుట్టేదీ సరిగ్గా అప్పుడే.

అందుకని ఆయన మర్నాడూ వచ్చారు. శుక్రవారం వచ్చారు, శనివారం వచ్చారు, ఆదివారం కూడా వచ్చారు, ఆ తర్వాతా మానలేదు. గిన్నె లేకుండా ఉత్త చేతులతో. కరెంటు పోయే వేళకు వచ్చి ఇటుక మీద కూర్చుని, ఫ్యాను తిరగడం మొదలుపెట్టగానే చేట మరియమ్మ ఇంటి గోడకు ఆనించి వెళ్లిపోయేవారు. మరియమ్మ రోజంతా గొర్రె నోరు కడిగి, వెదురు గొట్టంతో గంజి పోసీ పోసీ ఆ వేళకు నిలబడలేకపోయేది. మిగతా ఎనిమిది గొర్రెలూ దడి దాటకుండా నిలబడి ఉంటే వాటికి మేత కోసుకు రావలసిందీ ఆమే. ఒక్కోసారి చేట నేను అందుకుంటానంటే ఆయన ఇచ్చేవారు. నాకు పది నిమిషాలకే భుజం లాగేది. "లెక్కల చెయ్యి కదండి, విసరడం అలవాటుండదు," అని మళ్లీ పుచ్చుకునేవారు.

ఆయన చెప్పినవన్నీ నిజమని నేననను. నుసుములు చేపల కంపులోంచి పుడతాయని ఆయన నమ్మకం. కొల్లేటి గట్లు కొట్టినప్పుడు ఆ కంపంతా లేచి ఊళ్ల మీద పడిందట. తడి పేడలో, బురదలో గుడ్లు పెడతాయని నేనెన్నిసార్లు చెప్పినా వినలేదు. "పేడలో పుడితే పేడ దగ్గరే ఉండాలి కదండీ, మీ వరండాలో వాటికేం పని?" అనేవారు. దానికి నేను జవాబు చెబితే, "మీరు చంద్రుడి గురించి కూడా ఇలాగే చెప్పారు," అని ముగించేవారు.

తర్వాతి గురువారం కూడా ఆయన కోత అయ్యేదాకా పాకలోనే కూర్చున్నారు. ఆ తర్వాత ఊళ్లోకి వెళ్లి నిప్పులు రాజేసి కొట్లకు వెళ్తే, సగం కొట్లు మూసేశారు. ఒక ఎరువుల కొట్టాయన, దీపాలు పెట్టాక వచ్చే పొగ మాకెందుకు, ఇక రావద్దు అన్నాడట. ఈ సంగతి ఆయన చెప్పలేదు, బట్టల కొట్టాయన చెప్పాడు. మర్నాడు అడిగితే, "ఆయనకి ఎప్పుడూ తొందరేనండి," అన్నారంతే.

ఆ శనివారం డాక్టరు గారు మళ్లీ వచ్చి చూశారు. గొర్రె మూతి వాపు కొంత తీసింది. పుండ్లు ఎండుతున్నాయి. కాని లేవడం లేదు.

"గొట్టంతో పోసింది లెక్కలోకి రాదమ్మా," అన్నారు మరియమ్మతో. "తనంతట తను ఏదన్నా కొరికితే బతుకుతుంది. ఒకటి రెండు రోజుల్లో కొరక్కపోతే ఆశ పెట్టుకోకు. కడుపులోది నిలుస్తుందో లేదో నేనూ చెప్పలేను."

ఆ రోజంతా మరియమ్మ దాని నోటి ముందు ఏవేవో పెట్టింది. అవిసాకు, తవుడు ముద్ద, అరటి తొక్క, చివరికి తన పళ్లెంలోంచి ఇంత అన్నం. అది వాసన చూసి మొహం తిప్పేసుకుంది. ఆదివారం మరియమ్మ చర్చికి వెళ్లలేదు.

సాయంత్రం కరెంటు పోయింది. ఆయన వచ్చి కూర్చున్నారు. నేను మరియమ్మ గడప మెట్టు మీద, ఆమె దడి పక్కన. పడమర ఇంకా కాస్త వెలుతురుంది. కాసేపటికి చేట చప్పుడు మందగించింది. చూస్తే ఆయన నిద్రపోతున్నారు. కోటు మెడ దాకా బిగించి, గడ్డం రొమ్ము మీద వాల్చి, చేట ఒళ్లోంచి జారి గొర్రె ముందు వాలి ఉంది. రోజూ అంత దూరం నడిచి వచ్చే ముసలాయన, ఎన్నాళ్లు ఆపుకుంటారు?

నుసుములు దిగుతున్నాయి. ఆయన్ని లేపుదామని నేను లేచాను.

అప్పుడు కరకరమని చప్పుడు.

గొర్రె మెడ చాచి చేట అంచు పట్టుకుంది. మెంతి వాసనకో మరి దేనికో, వెదురు బద్దను పక్క పళ్లతో పట్టి నములుతోంది. ఒక ముక్క విరిగింది. దాన్ని మింగి మళ్లీ పట్టుకుంది. కొత్త చేట, మరియమ్మ బియ్యం కూడా చెరగని చేట.

"సాయిబు గారూ..." అని నోరు తెరవబోయాను. మరియమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"లేపకండి," అంది.

ఆమె చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. ముందు గొర్రె వైపు చూసింది. తర్వాత ఆయన వైపు చూసింది. ఆయన చెవుల మీద, చెయ్యి మీద నుసుములు వాలి ఉన్నాయి. మరియమ్మ గోడ పక్కన పడి ఉన్న అంచు ఊడిన పాత చేట తీసుకుంది. ఆయనకూ గొర్రెకూ మధ్య మోకాళ్ల మీద కూర్చుని, ఇద్దరికీ తగిలేలా, ఆ కాస్త గాలీ జారిపోకుండా రెండు చేతులతో పట్టుకుని విసరడం మొదలుపెట్టింది. కరెంటు వచ్చేదాకా విసురుతూనే ఉంది.